లంబాడీ నగల పెట్టె ఆగిపోయింది, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మెల్‌బోర్న్‌లో పెట్టే స్టాల్ సంగతి చూడండి

పద్మ, బెజవాడ: గవర్నర్‌పేటలో కొరియర్ వాళ్లు పెట్టె తీసుకోం అన్నారు. 100 ఏళ్లు దాటిన వస్తువు దేశం దాటకూడదని 1972 చట్టం ఉందట, వయసుకి కాగితం చూపించాలట. కాగితం ఎక్కణ్నుంచి తేను? ఆ హాస్లి, అదే మెడకి పెట్టుకునే కడ్డీ, మాచర్ల దగ్గర తండాలో అవ్వకి వాళ్ల అత్తగారు ఇచ్చింది.

కిరణ్, మెల్‌బోర్న్: పది రోజులే ఉంది పద్మక్కా. ముందే కనుక్కోవాల్సింది. ఏ నగ ఎక్కడ పెట్టుకుంటారో పిల్లలు చేత్తో పట్టుకుని చెప్పడమే కదా మన ఆట.

పద్మ: కొరియర్ పని నీ పేరు మీదే ఉంది, పైన లిస్టు చూడు. నేను మాచర్లకి రెండుసార్లు తిరిగాను. ఆవిడ చేతులు పట్టుకుని, జాగ్రత్తగా తెచ్చిస్తానని చెప్పి తీసుకొచ్చాను.

వాసు, మెల్‌బోర్న్: టచ్‌స్క్రీన్ అద్దెకి తెద్దామా?

లక్ష్మి, మెల్‌బోర్న్: హాలు అడ్వాన్స్ కట్టాక అంత మిగల్లేదు.

మస్తాన్, గుంటూరు: లంబాడీ బట్టల మీద కుట్టేవి గవ్వలే కదా, గవ్వలతోనే ఆడిద్దాం. అష్టాచమ్మా, 25 గళ్లు, గడికో నగ బొమ్మ. పావు ఆగిన గడిలోని నగ పేరు చెప్పి, ఎక్కడ పెట్టుకుంటారో తన ఒంటి మీదే చూపించాలి. జుట్టుకి చెంపల పక్కన వేలాడే టోప్లి, ఘుగ్రి పెళ్లయినవాళ్లే పెట్టుకుంటారు. పెళ్లికాని పిల్ల బొమ్మకి తగిలిస్తే పావు మళ్లీ ఇంటికే.

లక్ష్మి: గవ్వలు మా అత్తయ్య దగ్గరున్నాయి. నాలుగూ బోర్లా పడితే అష్టా, వెల్లకిలా పడితే చమ్మా, ఇది కూడా నేర్పాలి ఇక్కడి పిల్లలకి!

కిరణ్: సారీ అక్కా, తప్పు నాదే. టెన్షన్‌లో నోరు జారాను. గళ్లు ఈ రాత్రే గీస్తాను.

పద్మ: సరేలేరా. అవ్వకి ఫోన్ చేశాను. "నగలు నాకిచ్చెయ్యి, పెట్టుకుని నేనే వీడియోలో కనపడతా" అంది. చెంపల పక్కన ఘుగ్రి ఊగుతుంటే ఆ మువ్వల చప్పుడు పిల్లలు వినాలి. పావలా బిళ్లల దండ కూడా తీస్తానంది. 2011లో పావలా చెల్లకుండా పోయినా ఆవిడ ఒక్క బిళ్ల కూడా ఊడదీయలేదు.

వాసు: ఇక్కడ మధ్యాహ్నం రెండు, అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. కుదురుతుందా?

పద్మ: కుదురుతుంది. సిగ్నల్ బడి అరుగు మీదే వస్తుంది, అక్కడ కుర్చీ వేయిస్తా. ఘుగ్రికి రెండు మువ్వలు ఊడి ఉన్నాయి, వన్‌టౌన్‌లో అతికించి ఎల్లుండి పట్టుకెళ్తున్నా.