వేపాకుతో సిల్వర్ నానోపార్టికల్స్ చేస్తుంటే బ్రౌన్ కలర్ రాకుండా తెల్లగా విరిగిపోతోంది, హెల్ప్ ప్లీజ్

ప్రశ్న:
అందరికీ నమస్తే, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ ప్రాజెక్ట్‌గా సిల్వర్ నానోపార్టికల్స్, అంటే కంటికి కనపడనంత చిన్న వెండి కణాలు, చేస్తున్నా. అవి తయారైతే ద్రావణం బ్రౌన్ కలర్‌కి తిరగాలి. వేపాకు 10 గ్రాములు 100 ఎంఎల్ నీళ్లలో మరిగించి వడగట్టి, 1 మిల్లీమోలార్ గాఢత ఉన్న సిల్వర్ నైట్రేట్ ద్రావణం 90 ఎంఎల్‌లో ఆ కషాయం 10 ఎంఎల్ పోశా. పొయ్యగానే పాలలా తెల్లబడింది, కిటికీ పక్కన పెడితే గంటలో ఊదా బూడిద రంగుకి తిరిగి అడుక్కి దిగిపోయింది. మూడుసార్లు చేశా, మూడుసార్లూ అంతే. ఆకు మార్చాలా?

జవాబు:
ఆకు తప్పు కాదు తమ్ముడూ, నీళ్లు ఏవి వాడావు? ఆ లక్షణాలన్నీ సిల్వర్ క్లోరైడ్‌వే, తెల్లగా పడి వెలుతురు తగిలితే ఊదా రంగుకి తిరగడం దాని గుణమే.

అడిగినవారు:
కషాయానికి బోరు నీళ్లే వాడా అన్నా, సిల్వర్ నైట్రేట్‌కి మాత్రం ల్యాబ్‌లో క్యాన్‌లో ఉన్న ఆర్వో నీళ్లు.

జవాబు:
దొరికింది. బోరు నీళ్లలో క్లోరైడ్ ఉంటుంది, ఆర్వోలో కూడా కొంత మిగులుతుంది, అది సిల్వర్ నైట్రేట్‌తో కలిస్తే సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. ఓ చిన్న టెస్ట్ చెయ్, టెస్ట్‌ట్యూబ్‌లో నీ నీళ్లు తీసుకుని సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వెయ్యి, మసకబారిందంటే ఆ నీళ్లు పనికిరావు. డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో, కషాయానికీ అదే, ఆకులు ఆఖరుసారి కడగడానికీ అదే, బీకర్లు కడిగాక కూడా దాంతోనే తొలుచు, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగిన గాజుసామానైతే ఇంకా జాగ్రత్త.

ఇంకో జవాబు:
తూకం సంగతి కూడా చూస్కో. 100 ఎంఎల్‌కి 1 మిల్లీమోలార్ అంటే 17 మిల్లీగ్రాములే, మామూలు బ్యాలెన్స్ మీద అంత తక్కువ సరిగ్గా తూగదు. 0.17 గ్రాములు 100 ఎంఎల్‌లో కలిపి స్టాక్ చేసుకుని, దాన్ని పదింతలు పల్చన చేసుకో. స్టాక్ ముదురు రంగు సీసాలో చీకట్లో పెట్టు, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకు, చేతికి అంటిన నల్లమరక రోజుల తరబడి పోదు.

అడిగినవారు:
అన్నా, వచ్చింది!! డిస్టిల్డ్ వాటర్‌తో 60 డిగ్రీల దగ్గర పెడితే మెల్లగా పసుపై, తర్వాత బ్రౌన్ అయింది. యూవీ స్పెక్ట్రోమీటర్‌లో (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే యంత్రం) 428 నానోమీటర్ల దగ్గర పీక్. ఇప్పుడు ఈకోలై బ్యాక్టీరియా మీద యాంటీబ్యాక్టీరియల్ టెస్ట్ చెయ్యమన్నారు, నేరుగా ఇదే వెయ్యొచ్చా?

జవాబు:
చాలా సంతోషం తమ్ముడూ, సిల్వర్ నానోపార్టికల్స్ పీక్ మామూలుగా వచ్చే 400 నుంచి 450 నానోమీటర్ల మధ్యలోనే ఉంది కాబట్టి సరైన దారిలోనే ఉన్నావ్. కానీ నేరుగా వెయ్యకు. రియాక్ట్ కాకుండా మిగిలిన సిల్వర్ నైట్రేట్ కూడా బ్యాక్టీరియాని చంపుతుంది, అప్పుడు బ్యాక్టీరియా పెంచిన ప్లేట్‌లో కనపడే జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) పార్టికల్స్‌దో ఆ మిగిలినదానిదో నువ్వే చెప్పలేవు, వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది. 12,000 ఆర్‌పీఎమ్‌లో ఇరవై నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి కణాల్ని అడుక్కి దించి) పైనీళ్లు తీసేసి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌లో కలుపు, అలా రెండు మూడుసార్లు. అదే ప్లేట్‌లో వట్టి కషాయం ఒక బావిలో (ప్లేట్‌లో చేసిన చిన్న గుంట), వట్టి సిల్వర్ నైట్రేట్ ఒక బావిలో, డిస్టిల్డ్ వాటర్ ఒకదాంట్లో తప్పకుండా పెట్టు, యాంటీబయాటిక్ డిస్క్ కూడా. ఇలాంటి కంట్రోల్స్ (పోలిక కోసం పెట్టేవి) లేని జోన్ ఫొటోలు చాలా ప్రాజెక్ట్ రిపోర్టుల్లో చూశా, అంత కష్టపడి చేసింది అక్కడ వృథా అయిపోతుంది, బాధేస్తుంది నిజంగా.

అడిగినవారు:
మరి ఆ పైనీళ్లు సింక్‌లో పోసెయ్యొచ్చా?

జవాబు:
వద్దు. ఒక డబ్బాలో పోగుచేసి ఉప్పునీళ్లు పొయ్యి, మొదట నిన్ను ఏడిపించిన ఆ సిల్వర్ క్లోరైడే అడుక్కి దిగుతుంది, వడగట్టి ల్యాబ్ వేస్ట్‌లో ఇచ్చెయ్.