అప్‌డేట్: లెక్చరర్ ఉద్యోగం వదిలి సైలెంట్ స్పీచ్‌లో పీహెచ్‌డీ చేయాలా అని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా

చేరిపోయాను. హన్మకొండ కాలేజీలో రాజీనామా ఇచ్చాను. నాన్న ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు, అది వేరే సంగతి.

సైలెంట్ స్పీచ్ అంటే, గొంతు విప్పకుండా పెదాలు, నాలుక కదిలిస్తే ఆ మాటను కంప్యూటర్‌తో పట్టుకోవడం. అదే నా పని. "ముందు సెన్సర్ ఏదో తేల్చుకో" అని ఇక్కడ ఒక అన్న చెప్పిందే బాగా పనికొచ్చింది. కెమెరాకు ప, బ, మ మూడూ ఒకటే. పెదాలు మూసుకోవడమే దానికి కనిపిస్తుంది. ట, త తేడా నాలుకది కాబట్టి గడ్డం కింద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడితే కొంత దొరుకుతుంది. నేను మాత్రం ముఖం మీద ఎలక్ట్రోడ్లు అంటించి కండరాల సంకేతాలు తీసుకునే ఈఎంజీ వైపు వెళ్లాను. 2018లో ఎంఐటీ వాళ్లు చూపించిన ఆల్టర్‌ఈగో అనే పరికరానిదీ దాదాపు ఇదే దారి. ఎలక్ట్రోడ్ కాస్త పక్కకు జరిగినా నిన్న ఆ సంకేతాలతో నేర్పిన కంప్యూటర్ మోడల్ ఇవాళ తడబడుతుంది. ఇక వరంగల్ ఎండల్లో చెమట గురించి చెప్పక్కర్లేదు!

క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసిన వాళ్లకు ఉపయోగపడాలంటే వాళ్లతోనే రికార్డింగ్ చేయాలి. ఎథిక్స్ కమిటీకి ఫైలు పెట్టాను.

డబ్బుల సంగతి అడిగినవాళ్లకు: జేఆర్ఎఫ్ (ప్రభుత్వ పరిశోధన ఫెలోషిప్) ఉంటే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. లేకపోతే మాత్రం బాగా ఆలోచించుకోండి.