అప్‌డేట్: అంబాసిడర్ వాటర్ పంప్ మార్చాను, ఘాట్ ఎక్కింది

పోయిన నెల అడిగాను కదా, మా నాన్న పాత పెట్రోల్ అంబాసిడర్ ఎండలో వేడెక్కిపోతోంది, ఫ్యాన్ వెనక నీళ్లు కారుతున్నాయి, రేడియేటర్ దింపకుండా పంప్ మార్చొచ్చా అని. దింపమని చెప్పిన అన్నలందరికీ థ్యాంక్స్.

కారుతున్నది పంప్ కింద ఉండే చిన్న రంధ్రం నుంచే. లోపలి సీల్ అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి రావడానికే దాన్ని పెడతారు. ఎంసీల్‌తో మూసేయమని ఒకాయన చెప్పాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, బేరింగ్ పోతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక నీళ్లు వదిలి, పైపులు ఊడదీసి, రేడియేటర్ దింపడానికి గంట కూడా పట్టలేదు. కష్టమంతా పంప్ బోల్టుల దగ్గరే. ఒకటి తుప్పు పట్టి కదల్లేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున కొంచెం బిగిస్తూ, కొంచెం వదులు చేస్తూ తిప్పితే వచ్చింది. బలవంతం చేసుంటే ఇంజిన్ బ్లాకులోనే విరిగేది. పంప్‌కీ బ్లాకుకీ మధ్య నీళ్లు కారకుండా పెట్టే పాత గ్యాస్కెట్‌ను బ్లాకు మీద గాట్లు పడకుండా గీకడానికే అరపూట పోయింది.

రేడియేటర్ తిరగేసి కింది నుంచి నీళ్లు కొడితే ఎర్ర మడ్డి, సున్నపు పెళ్లలు వచ్చాయి. ఏళ్ల తరబడి మా కడప బోరు నీళ్లే పోశాం మరి! ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోశాను.

ఆదివారం మధ్యాహ్నం నాన్నను ఎక్కించుకుని గువ్వలచెరువు ఘాట్ ఎక్కాను. ఆవిరి రాలేదు. ఆపి వంగి చూస్తే చుక్క కూడా కారలేదు. నాన్న బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. పాలకోవా కొనుక్కుని వచ్చాం.

కొత్త ఫ్యాన్ బెల్టు కాస్త సాగుతుంది కాబట్టి, వచ్చే వారం దాని బిగువు మళ్లీ చూస్తాను.