షుగర్‌కీ క్వినైన్‌కీ ఒకే ఫైరింగ్ రేటు వస్తోంది, ఎవరైనా మెలకువగా ఉన్నారా?

రాత్రిబండి:
ఎలుకకి రుచులు ఇచ్చి, మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టి ఒక్కో న్యూరాన్ (నాడీకణం) సెకనుకి ఎన్నిసార్లు సిగ్నల్ కొడుతుందో, అంటే ఫైరింగ్ రేటు, రికార్డు చేశా. లెక్కకి సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు రెండున్నర. ఒక్క న్యూరాన్ కూడా తీపికీ చేదుకీ తేడా చూపించట్లేదు. సుక్రోజ్ (పంచదార) ఇచ్చినా క్వినైన్ (చేదు మందు) ఇచ్చినా ఉప్పు ఇచ్చినా బార్ గ్రాఫ్‌లో అన్నీ ఇడ్లీ ప్లేట్లో ఇడ్లీల్లా ఒకే ఎత్తు. కోడ్ మూడుసార్లు మొదట్నించి రాశా, స్పైక్ సార్టింగ్ (ఏ సిగ్నల్ ఏ న్యూరాన్‌దో విడదీయడం) కూడా మళ్ళీ చేశా. ఎలుకకి తెలీక కాదు, చేదు తగలగానే వెనక్కి పోయి గడ్డం నేలకేసి రుద్దుకోవడం నా కళ్ళతో చూశా. మెదడుకి తెలీకుండా మూతికెలా తెలిసింది?? పొద్దున పదింటికి గైడ్‌కి చూపించాలి.

జీరోవోల్ట్:
మెదడులో ఏ ఏరియా. ఎంతసేపటి విండో.

పాతకాపు:
ముందు ఒక మాట చెప్పనివ్వండి. నాలుక కొనకి తీపి, వెనక చేదు అని స్కూల్లో బొమ్మ వేయించేవారే, అదంతా తప్పు. 1901లో హేనిగ్ అనే జర్మన్ ఆయన చూపించింది చిన్న చిన్న తేడాలు మాత్రమే, 1942లో బోరింగ్ తన పుస్తకంలో దాన్ని గ్రాఫ్‌గా వేసిన తీరుకి అది పెద్ద తేడాలా కనబడి మ్యాప్ అయి కూర్చుంది. అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయి. ఇది తెలీకుండానే జనం మెదడు దాకా వెళ్ళిపోతున్నారు.

రాత్రిబండి:
సార్ నాలుక కాదు నా బాధ. ఏరియా గస్టేటరీ కార్టెక్సే (మెదడు పైపొరలో రుచి చూసే చోటు), ఎలక్ట్రోడ్ ఇంకెక్కడ పెడతారు? ఐదు సెకన్ల సగటు తీశా.

కాలేజీగట్టు:
ఇంకెక్కడా అంటే బోలెడు చోట్లు ఉన్నాయమ్మా. ఎలుకల్లో నాలుక నుంచి ఏడు, తొమ్మిది, పది నంబర్ కపాల నాడులు ముందు మెదడు కాండంలో సాలిటరీ న్యూక్లియస్‌కి వస్తాయి, అక్కణ్ణుంచి పేరాబ్రాకియల్ అనే స్టాప్, తర్వాత థాలమస్ (మెదడు నడిమి జంక్షన్), ఆ తర్వాతే నీ కార్టెక్స్. కోతుల్లో ఈ పేరాబ్రాకియల్ స్టాప్ లేదు, బండి నేరుగా థాలమస్‌కే. మూతికెలా తెలిసిందన్నావు, దానికి కార్టెక్స్ అక్కర్లేదు. గ్రిల్, నోర్‌గ్రెన్ అని ఇద్దరు 1978లోనే చూపించారు, పై మెదడుతో లింకు తెగ్గొట్టిన ఎలుకలు కూడా క్వినైన్ పోస్తే నోరు బార్లా తెరిచి బయటికి తోసేశాయి.

బెజవాడపిల్ల:
ఎలుక అంటే ర్యాటా మౌసా? మౌస్ అయితే జుకర్ అనే సైంటిస్టు వాళ్ళ 2011 పేపర్ ప్రకారం తీపికో చోటు చేదుకో చోటు విడివిడిగా ఉంటాయి, ఎలక్ట్రోడ్ తప్పు చోట పడిందేమో.

కాలేజీగట్టు:
ఆ మ్యాప్ అందరూ ఒప్పుకోలేదు. ర్యాట్ రికార్డింగుల్లో అన్నీ కలగాపులగంగానే ఉంటాయి.

పాతకాపు:
ర్యాట్ మౌస్ ఎందుకు, ఎలుక, చుంచెలుక అనొచ్చుగా.

బెజవాడపిల్ల:
చుంచు అంటే మా వైపు కంపు కొట్టే మూతి పొడుగుది. అది ఎలుక జాతే కాదు.

పాతకాపు:
మా వైపు చిన్న ఎలుకనే అంటారు. నిఘంటువు చూడండి.

రాత్రిబండి:
ర్యాట్ ర్యాట్ ర్యాట్!! ప్లీజ్

జీరోవోల్ట్:
సగటు తీసెయ్. టైమ్ చూడు.

రాత్రిబండి:
అంటే?

కాలేజీగట్టు:
నేను చెప్తా. కాట్జ్, సైమన్, నికొలెలిస్ 2001లో చెప్పింది ఇదే. మొదటి రెండొందల మిల్లీసెకన్లు కార్టెక్స్ న్యూరాన్‌కి ఏదో నోట్లో పడిందని తెలుస్తుందంతే, అది తడి, స్పర్శ. తర్వాత సెకను దాకా ఏ రుచో తెలుస్తుంది, సెకను దాటాక బాగుందా బాలేదా అన్నది. తీపికి ముందు పైకెళ్ళి తర్వాత దిగిపోయే న్యూరాన్ చేదుకి ఉల్టాగా చేసిందనుకో, ఐదు సెకన్లకి సగటు తీస్తే రెండూ సమానమే. గీత వంకర్లు పోతోంటే నువ్వు పైన ఇస్త్రీపెట్టె పెట్టావు.

రాత్రిబండి:
టైమ్‌ని వంద మిల్లీసెకన్ల ముక్కలు (బిన్లు) చేశా. ఇప్పుడూ ఏమీ లేదు. ఏడుపొస్తోంది

జీరోవోల్ట్:
టైమ్ జీరో ఏ క్షణానికి పెట్టావ్.

రాత్రిబండి:
రుచి నీళ్ళు వదిలే వాల్వ్ తెరుచుకున్న టైమ్‌కి

జీరోవోల్ట్:
గొట్టం నోట్లోనా, బయట నాకే స్పౌటా.

రాత్రిబండి:
స్పౌటే, నాకి తాగుతుంది. చెప్పలేదా?

జీరోవోల్ట్:
లేదు.

కాలేజీగట్టు:
ఓరి దేవుడా, అసలు సంగతి ఇప్పుడా చెప్పేది! వాల్వ్ తెరుచుకోగానే ఎలుక వచ్చి వాలుతుందా? ఒకసారి అర సెకనుకి వస్తుంది, ఒకసారి మూడు సెకన్లకి, మధ్యలో మీసాలు దువ్వుకుంటుంది. మొదటి లిక్ (నాకుడు)తో రుచి తగిలిన క్షణాన్ని జీరో చేసుకో. ఇంకోటి, తీపైతే సెకనుకి ఆరేడు సార్లు నాకుతూనే ఉంటుంది, క్వినైన్ ఒక్కసారి నాకి పారిపోతుంది, కాబట్టి సెకను తర్వాత కనిపించే తేడా రుచిదా, నాలుక కదలికదా అని మీ గైడ్ అడుగుతారు, లిక్కుల లెక్క కూడా పక్కన పెట్టుకో.

పాతకాపు:
అసలు ఈ పేపర్లలో మన కారం, వగరు ఉండవు గమనించారా. ఉగాది పచ్చడి తినే జాతికి ఆరు రుచులు, వీళ్ళకి ఐదే.

బెజవాడపిల్ల:
కారం రుచి కాదండీ, మంట. మొహం స్పర్శ, మంట మోసే ట్రైజెమినల్ నాడి సంగతి అది.

పాతకాపు:
మంట అయితే నోరూరుతుందా?

రాత్రిబండి:
మొదటి లిక్‌కి ఎలైన్ చేశా, కొన్ని విడిపోతున్నాయి, ఉప్పు ఇంకా తేడాగా ఉంది కానీ తర్వాత చూస్తా. థాంక్స్, పడుకుంటున్నా

బెజవాడపిల్ల:
ఉప్పు ఎంత మోలార్ (ఎంత చిక్కన)? ఎలుకకి ఉప్పు పలచగా ఉంటే ఇష్టం, చిక్కగా ఉంటే పడదు

పాతకాపు:
నిఘంటువు తీశా. చుంచు అంటే రెండు అర్థాలూ ఇచ్చాడు.