వెబ్‌సైటు పాఠకులు ఫేస్‌బుక్‌లో దొరుకుతారా, అక్కడే ఉండిపోతారా?

కురుపాం_మార్కెట్:
విశాఖ చరిత్ర మీద మేం ముగ్గురం కలిసి ఒక వెబ్‌సైటు నడుపుతున్నాం. వన్‌టౌన్ వీధులు, ఓడరేవు, భీమిలి డచ్చి సమాధులు, తొట్లకొండ, జాలరిపేటలు, అన్నిటి గురించీ రాస్తాం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది గూగుల్‌లో ఏదో వెతుకుతూ వచ్చి, కావలసిన ముక్క చదువుకుని వెళ్లిపోతారు. వాళ్లెవరో మాకు తెలియదు, మేమెవరమో వాళ్లకు పట్టదు. అందుకే ఈమధ్య ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టాం. పేజీలో మాటామంతీ బాగా సాగుతోంది. మా ముగ్గురి మధ్యా తేలని విషయం ఒక్కటే. వ్యాసం మొత్తం ఫేస్‌బుక్‌లోనే పెట్టాలా, నాలుగు వాక్యాలు రాసి లింకు ఇవ్వాలా? మొత్తం పెడితే అక్కడే చదివేసి, సైటు ముఖం చూడరు. లింకు పెడితే చాలామందికి అసలు కనిపించదు. పాఠకులతో అనుబంధం దేనివల్ల పెరుగుతుంది? నడిపిన అనుభవం ఉన్నవారు చెప్పండి.

గాజువాక_షిఫ్టు:
మొత్తం పెట్టండి. బి షిఫ్టు దిగి బస్సులో కూర్చుని చదువుతాను. లింకు నొక్కితే కూర్మన్నపాలెంలో మొదలైన తెల్ల తెర గాజువాక దాకా అలాగే ఉంటుంది.

డాల్ఫిన్_నీడ:
లింకు మాత్రమే పెట్టండమ్మా. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమం 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న మన దేశంలో నిషేధించారు. అవి ఉన్నన్నాళ్లూ ఇక ఎప్పటికీ ఉంటాయన్నట్టే జనం రాసుకున్నారు. అప్పట్లో ఒక సామాజిక మాధ్యమంలో మాకు పాత ఫోటోల సమూహం ఉండేది. ఓడరేవులో పనిచేసి రిటైరైన పెద్దలు ఒక్కొక్క ఫోటో కింద పేరాలు పేరాలు రాసేవారు. క్రేన్ ఎవరు నడిపేవారు, ఏ గోదాములో ఏ సరుకు ఉండేది, మాంగనీసు ధూళి ఇళ్లలోకి ఎలా వచ్చేది, అన్నీ అందులో ఉండేవి. అది మూతపడ్డాక ఒక్క వాక్యం కూడా నా చేతికి దక్కలేదు. రాసినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. మళ్లీ అడిగి రాయించుకుందామన్నా దారి లేదు.

అద్దె ఇంట్లో సొంత డబ్బుతో బావి తవ్వించుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. పాఠకుణ్ని సైటుకు రప్పించండి. రానివాడు మీ పాఠకుడు కాడు.

ఎర్రమట్టి:
రెండు సంగతులు గమనించాలి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన పద్ధతి మార్చింది. పేజీలు పెట్టేవాటికన్నా స్నేహితులు, బంధువులు పెట్టేవాటికి ముందు చోటు ఇస్తామని అప్పుడే ప్రకటించింది. కాబట్టి పేజీని ఇష్టపడ్డవాళ్లందరికీ మీ వ్యాసం చేరుతుందనుకోవద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ఫోటో కింద రాసే లింకు నొక్కడానికే కుదరదు, పరిచయం దగ్గర పెట్టిన లింకుకు వెళ్లాలి. లింకును పోస్టులో కాకుండా మొదటి వ్యాఖ్యలో పెట్టడం చాలామంది పాటించే ఉపాయం.

సింహాచలం_మెట్లు:
మొదటి వ్యాఖ్యలో పెడితే ఎవరూ చూడరు. నేనైతే ఒక్కసారి కూడా చూడలేదు.

ఎర్రమట్టి:
వ్యాఖ్యను పైన నిలిపి ఉంచవచ్చు.

సింహాచలం_మెట్లు:
నిలిపి ఉంచినా చూడలేదు.

పెదజాలరిపేట:
మీరంతా లింకు పోస్టులోనా, వ్యాఖ్యలోనా అని వాదించుకుంటున్నారు. నా అనుభవం వేరు. వేటకు వెళ్లేవారి కోసం నేను చిన్న సైటు నడుపుతున్నాను. వాతావరణ హెచ్చరికలు, చేపలు ఎక్కడ పడే అవకాశం ఉందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సూచనలు, వేట నిషేధం వివరాలు అందులో పెడతాను. మా పేటలో ఆ సైటు తెరిచి చదివేవాళ్లు తక్కువ. అదే సంగతి వాట్సాప్‌లో నా గొంతుతో చెప్పి పంపితే ఇంటిల్లిపాదీ వింటారు. పడవ కడిగే చోట ఫోను పెట్టి పదిమందికి వినిపిస్తారు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం. మోటారు లేని తెప్పలకు ఆ నిషేధం వర్తించదని సైటులో స్పష్టంగా రాశాను. అయినా ఏప్రిల్ రాగానే మా మేనమామ నుంచి గొంతు సందేశం వచ్చింది: "తెప్ప వేసుకుని వెళ్తే పట్టుకుంటారా?" జవాబు గొంతుతోనే ఇచ్చాను. అది భీమిలి దాకా తిరిగి, అక్కడి నుంచి ముక్కూముఖం తెలియనివాళ్లు నాకు ఫోను చేసి ఇంకో రెండు సందేహాలు అడిగారు. వాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటారు. అనుబంధం అంటే నాకు తెలిసింది ఇదే. సైటుకు రానివాడు పాఠకుడు కాడన్న మాట నేను ఒప్పుకోను.

డాల్ఫిన్_నీడ:
బాబూ, మీరు చెప్పేది రేపటి గాలి సంగతి. ఎల్లుండికి దాని పని అయిపోతుంది. ఇక్కడ అడిగింది చరిత్ర సంగతి. రెండిటినీ ఒక గాటన కట్టకండి. పైగా 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆ రాత్రి తుఫాను హెచ్చరిక ఉండి ఉంటే మీవాళ్లకు ఎలా చెప్పేవారు?

పెదజాలరిపేట:
ఫోను చేసి చెప్పేవాణ్ని. వాళ్ల నంబర్లు నా దగ్గర ఉన్నాయి, నా నంబరు వాళ్ల దగ్గర ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. అప్పుడు మీ వెబ్‌సైటు ఎవరు చూశారు?

బీచ్‌రోడ్_వేకువ:
గ్రూపు గురించి ఒక మాట. వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతివారి నంబరూ మిగతావారందరికీ కనిపిస్తుంది. నేను ఇదివరకు ఒక పత్రిక నడిపే పుస్తకాల గ్రూపులో చేరి, నచ్చిన కథ గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఆ రాత్రి నుంచి తెలియని మనుషులు విడిగా సందేశాలు పంపడం మొదలైంది. "మీ అభిప్రాయం బాగుంది, మీరెక్కడ ఉంటారు" అని అడిగారు. నిర్వాహకుడికి చెబితే "పట్టించుకోకండి" అన్నారు. గ్రూపు వదిలేశాను. ఆ పత్రికకు ఇక రాయలేదు కూడా. ఆడవాళ్లు గ్రూపుల్లో మౌనంగా ఉంటారని ఎవరైనా అంటే కారణం ఇది. అనుబంధం పేరుతో పాఠకుల నంబర్లు నలుగురిలో పెట్టకండి.

ఎర్రమట్టి:
నిజమే. వాట్సాప్‌లోనే ఛానెల్ పెడితే ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. కానీ అది ప్రధానంగా ఒకవైపు ప్రసారం, మాటకు మాట సాగదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా ఇంకో దారి. అందులో ఎవరికి వారికి విడిగా చేరుతుంది, జవాబు మీకొక్కరికే వస్తుంది. జాబితాకు 256 మంది పరిమితి ఉంది, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. దాచుకున్నారంటే మీ రాత కావాలనుకున్నారన్నమాటే, కాబట్టి నా దృష్టిలో అది మంచి షరతు.

కురుపాం_మార్కెట్:
వేకువ గారూ, ఈ కోణం మాకు ఎవరూ చెప్పలేదు. గ్రూపు సంగతి ఈ వారమే చూస్తాం. ఫేస్‌బుక్ మాత్రం వదలడం కష్టం. సైటులో వ్యాఖ్యల పెట్టె ఉన్నా అక్కడ నెలల తరబడి ఎవరూ రాయరు.

డాల్ఫిన్_నీడ:
ఎవరూ రాయరా? నేను రాశాను.

ఇది ఇక్కడ చెప్పకూడదనుకున్నాను, చెప్పక తప్పడం లేదు. మీ ఓడరేవు వ్యాసంలో విశాఖ రేవుకు వచ్చిన మొదటి ఓడ జల ఉష అని ఉండేది. రేవుకు మొదట వచ్చిన ఓడ జలదుర్గ, 1933 అక్టోబరు 7న వచ్చింది. జల ఉష ఇక్కడి సింధియా నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైన ఓడ. 1948 మార్చి 14న నెహ్రూ దాన్ని నీటిలోకి దించారు. ఈ రెండిటికీ మధ్య పద్నాలుగేళ్లకు పైగా తేడా ఉంది. నేను వ్యాసం కింద పెట్టెలో తేదీలతో సహా వివరంగా రాశాను. రోజూ తెరిచి చూసేవాణ్ని. నా వ్యాఖ్య ప్రచురణకే నోచుకోలేదు. కొన్నాళ్లకు మీ ఫేస్‌బుక్ పేజీలో ఎవరో ఇదే సంగతి ఒక్క వాక్యంలో రాస్తే గంటలో ధన్యవాదాలు చెప్పారు, వ్యాసం దిద్దారు. ఆ పేజీ పెట్టకముందు నా ప్రతి వ్యాఖ్యకూ మీ దగ్గర నుంచి జవాబు వచ్చేది. పేజీ వచ్చాక సైటులో ఉన్న మేం మీకు కనిపించడం మానేశాం. కొత్త పాఠకుల కోసం మీరు అక్కడికి వెళ్లారు, పాతవాళ్లం ఇక్కడ తలుపు దగ్గర నిలబడి ఉన్నాం.

సింహాచలం_మెట్లు:
ఇది న్యాయమైన మాట.

పెదజాలరిపేట:
మీకు జవాబు రాలేదని ఫేస్‌బుక్‌నే తప్పుపడతారా? అదే సైటులో మా పేట మీద వ్యాసం వచ్చింది. మా పేటలో ఒక్కరికీ తెలియదు! ఫోటోలో ఉన్నవాళ్లకే తెలియదు. అనుకోకుండా నా కంట పడితే వాట్సాప్‌లో మావాళ్లకు పంపాను. ఆ పడవ ఎవరిదో, వెనక నిలబడ్డ ఆడమనిషి ఎవరి తల్లో సాయంత్రానికి చెప్పేశారు. వ్యాసంలో మామూలు వల అని రాసింది నిజానికి ఒడ్డు నుంచి రెండు వైపులా జనం నిలబడి లాగే పెద్ద వలట. ఆ సంగతి ఏ పెట్టెలో రాయాలో మావాళ్లకు తెలియదు, రాయడమూ రాదు. చరిత్ర మీదీ, రేపటి గాలి మాదీనా? నన్ను బాబూ అనకండి, పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నాను.

డాల్ఫిన్_నీడ:
ఆ పడవ ఎవరిదో చెప్పిన మాటలు ఇప్పుడెక్కడ ఉన్నాయి? వ్యాసం కింద ఉన్నాయా? మీ ఫోనులో ఉన్నాయి. ఆ ఫోను పోయిన రోజున అవీ పోతాయి. మీవాళ్లు చెప్పిందాన్ని మీరే పోగొడుతున్నారు!

పెదజాలరిపేట:
నేను పోగొడుతున్నానా? అడగకుండా రాసినవాళ్లు పోగొట్టలేదా?

వేదిక_నిర్వహణ:
ఇద్దరికీ మనవి. మనుషుల మీదికి వెళ్లకుండా విషయం మీద మాట్లాడండి.

గాజువాక_షిఫ్టు:
ఇద్దరిదీ ఒకటే బాధ. చెప్పాల్సిన మాట చెప్పారు, వ్యాసానికి అది చేరలేదు.

డాల్ఫిన్_నీడ:
ఒకటే బాధ కాదు. నాకు ధన్యవాదాలు అక్కర్లేదు. పదేళ్ల తర్వాత ఎవరో పిల్లవాడు ఓడరేవు గురించి వెతుక్కుంటూ ఆ వ్యాసానికి వస్తాడు. దాని కిందే దిద్దుబాటు కనబడాలి, ఎవరు దిద్దారో కనబడాలి. మూసి ఉన్న గ్రూపులో చెప్పుకున్న మాట గూగుల్‌లో దొరకదు. ఫేస్‌బుక్ పేజీలో కిందటి ఏడాది వ్యాఖ్య వెతికి పట్టుకోవడం రాసినవాడికే కష్టం. మాటలు ఎక్కడైనా జరగనివ్వండి, అవి తిరిగి వ్యాసం దగ్గరికి రావాలి.

పెదజాలరిపేట:
పదేళ్ల తర్వాత వచ్చే పిల్లవాడి కోసం ఇప్పుడున్న మనిషిని వదిలేయలేం. ఒక సంగతి తీసుకోండి. 2020 మే 7న వెంకటాపురంలో గ్యాస్ లీకైంది. ఆ రోజు రాత్రి, మళ్లీ లీకైందన్న మాట పాకి జనం పిల్లలను ఎత్తుకుని రోడ్ల మీదికి వచ్చారు. ఆ వేళ వాళ్లు ఎవరి మాట నమ్ముతారు? ముందు నుంచి పరిచయం ఉన్న గొంతునే నమ్ముతారు. నేను మా పేటవాళ్లతో రోజూ మాట్లాడేది అందుకే, పుస్తకంలో దాచడానికి కాదు.

కురుపాం_మార్కెట్:
మీరిద్దరూ అడుగుతున్నవి వేరువేరని ఇప్పుడు అర్థమవుతోంది. డాల్ఫిన్ గారూ, సైటు వ్యాఖ్యల్లో తొంభై పాళ్లు రుణాల ప్రకటనలు, చెత్త లింకులే వస్తాయి. అందుకే ఆమోదం లేకుండా ఏదీ కనిపించదు. ఇకనుంచి ఆ పెట్టె ప్రతి సాయంత్రం మా ముగ్గురిలో ఒకరు తెరుస్తాం. జలదుర్గ మీద మీరు రాసింది వెతికి తీసి ఇప్పుడే ప్రచురించాను, వ్యాసం కింద మీ పేరుతో ఉంది. ఫేస్‌బుక్‌లోగానీ వాట్సాప్‌లోగానీ వ్యాసానికి పనికొచ్చే మాట వస్తే, రాసినవారిని అడిగి, ఒప్పుకుంటే వారి పేరుతోనే వ్యాసం కిందికి తెస్తాం. ఇక లింకు సంగతి. ఫేస్‌బుక్‌లో వ్యాసం సగం దాకా పెట్టి, ఫోటోలు, మిగతా భాగం సైటులో ఉంచుదామని అనుకుంటున్నాను. గాజువాక గారూ, ముందు ఆ ఫోటోల బరువు తగ్గిస్తాం, బస్సులో తెరుచుకునేలా. వాట్సాప్ గ్రూపు తీసేసి బ్రాడ్‌కాస్ట్ జాబితా పెడతాం.

బీచ్‌రోడ్_వేకువ:
జాబితా పెడితే నన్నూ చేర్చండి.

డాల్ఫిన్_నీడ:
వ్యాఖ్య చూశాను. సగం పెట్టడం నాకు ఇష్టం లేదు, అయినా అడిగి తెచ్చే పద్ధతి మంచిదే. ఒక్కటి మాత్రం మరవద్దు. రాసినవారు ఏ తేదీన రాశారో కూడా కింద ఉండాలి.

పెదజాలరిపేట:
మావాళ్ల గొంతు సందేశాలను రాతలోకి నేను మారుస్తాను, ఆ పని నాది. కానీ ఒక షరతు. జాలరిపేటల మీద ఏ వ్యాసం రాసినా ముందు చదివి మావాళ్లకు వినిపించాలి. తర్వాతే సైటులో పెట్టాలి.

డాల్ఫిన్_నీడ:
ప్రచురణకు ముందు వినిపించడమా? రాసేవారి స్వేచ్ఛ ఏమవుతుంది? ఎవరి గురించి రాస్తే వారి అనుమతి తీసుకోవాలంటే చరిత్ర రాయడం అయ్యే పని కాదు. దీనికి నేను ఒప్పుకోను.

పెదజాలరిపేట:
అనుమతి అడగలేదు, వినిపించమన్నాను. భీమిలి తీరం మీద తర్వాతి వ్యాసం వస్తోందని పేజీలో చూశాను. అందులో మా చిన్నమ్మ వాళ్ల పేట కూడా ఉంది. రాసింది నాకు పంపండి, చదివి వినిపిస్తాను. పెద్ద వల లాంటి పొరపాటు ఉంటే ముందే చెబుతారు.

కురుపాం_మార్కెట్:
మిగతా ఇద్దరినీ అడిగి రేపు చెబుతాను. నా వరకు పంపడానికి అభ్యంతరం లేదు.