కళింగపట్నం సైకిల్ రైడ్: తీరం దారిలో ఇసుక ఎంత?

శ్రీకాకుళం నుంచి అరసవల్లి, శ్రీకూర్మం, గార మీదుగా కళింగపట్నం, తిరుగులో శాలిహుండం. డిసెంబరులో, తీరిగ్గా, రోజంతా. తారు రోడ్డు గురించి బెంగ లేదు. మత్స్యలేశం, బందరువానిపేట వైపు ఊళ్ల మధ్య దారి ఎలా ఉందో, ఈమధ్య వెళ్లినవాళ్లు చెప్పండి.

టైర్లు 700x35 (35 మి.మీ. వెడల్పు), గాలి 55 పీఎస్ఐ. ఇసుక తగిలితే 40కి దించొచ్చు; అంతకన్నా దించితే గతుకులో రిమ్ము తగిలి ట్యూబు రెండుచోట్ల కోసుకుపోతుంది. సర్కారు తుమ్మ ముళ్లు సరేసరి, రెండు ట్యూబులు, ప్యాచీలు ఉంటాయి. ఈశాన్యపు గాలి వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు సాయం, అందుకే ఈ వరస.

ఇసుకలో సైకిల్ దిగి తోసుకెళ్లాల్సింది అరకిలోమీటరా, మూడు కిలోమీటర్లా? గార దాటాక సైకిల్ షాపు ఉందా? శాలిహుండం కొండ కింద సైకిల్ తాళం వేసి వదిలెయ్యొచ్చా?