పసిపిల్లల కిమోనో వీపు మీద కుట్టు: తొట్టెల జుబ్బాకు ఎట్ల వేయాలె?

ప్రశ్న (హనుమకొండ, కుట్టుపని):
పాప తొట్టెల ఫంక్షన్‌కు, 21వ రోజుకు, తెల్ల కాటన్ జుబ్బా ఆర్డర్ ఉంది. జపాన్ పసిపిల్లల కిమోనో ఫొటో చూపించి, వీపు మీద మెడ కింద ఉన్న ఎర్రదారం పువ్వు అట్లనే కావాలన్నరు. అది వాళ్ల ఇంటి గుర్తా, దిష్టి కోసమా? సైజు ఎంత? మగ్గం వర్క్ చేయించొచ్చా?

జవాబు 1:
అక్కా, అది దిష్టి కోసమే. సెమామొరి అంటరు, అంటే వీపుకు కాపలా. పెద్దల కిమోనోకు రెండు ముక్కలు కలుపుతరు కాబట్టి వీపు నడిమిట్ల నిలువు కుట్టు వస్తది. ఆ గుడ్డ పన్నా సుమారు 36 సెంటీమీటర్లు. పసిపిల్ల వీపుకు ఒక్క పన్నా సరిపోతది, ఇగ కుట్టు పడదు. కుట్టును వాళ్లు 'నుయిమె' అంటరు, 'మె' అంటే కన్ను. కుట్టు లేని వీపుకు వెనక కన్ను లేదని, అటు నుంచి చెడు సొరబడ్తదని నమ్మకం. అందుకే పనిగట్టుకొని కుట్టు వేస్తరు. మనం అరికాలికి కాటుక చుక్క పెట్టినట్టే. అన్నిట్ల సాదాది నెలకొకటి లెక్కన 12 కుట్లది: నిలువుగ 9, ఏటవాలుగ 3.

ఇంటి గుర్తు వేరే. మగపిల్లగాన్ని మొదటిసారి గుడికి తీసుకపోయేటప్పుడు కప్పే పట్టు కిమోనో మీద అది ఐదు చోట్ల ఉంటది: వీపు, రెండు చేతుల వెనక, రొమ్ముకు రెండు దిక్కుల.

జవాబు 2:
ఫొటోల ఆరు రేకులుంటే అది అసానోహ, నార కోసం పెంచే గంజాయి జాతి మొక్క ఆకు. ఆసర లేకుండనే నిటారుగ, బిరబిర పెరుగుతదని పిల్లలకు వేస్తరు.

2 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, అదే కొలతతో చుట్టూ 6 చుక్కలు పెట్టాలె. నడుమ నుంచి ఒక్కో చుక్కకు ఒక గీత. రెండు గీతల మధ్యల, కేంద్రం నుంచి 1.15 సెంటీమీటర్ల దూరంల ఇంకో చుక్క. దాన్ని కేంద్రానికి, అటుఇటు కొసలకు కలపాలె. మొత్తం 24 గీతలు. ఆరు పోగుల దారంల రెండే పోగులు తీసుకోండి. కేంద్రంల 12 దారాలు ఒక్క రంధ్రంల దిగితే గుడ్డ ముడుచుకొని బుడిపె అయితది, పాప వెల్లకిలా పండుకుంటే ఒత్తుతది. పొట్టి గీతలు ఒక మిల్లీమీటర్ ముందే ఆపండి. ముడి వేయొద్దు, కొసను లోపలి కుట్ల కింద దూర్చాలె. మగ్గం వర్క్ అసలే వద్దు: జరీ, పూసలు లేత చర్మానికి గీసుకుంటయి. ఎర్రదారాన్ని ముందుగాల తడి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి, రంగు దిగితే జుబ్బా ఖరాబే.

జవాబు 3:
రెండు సంగతులు. పాతకాలం కుట్టుకు దారం కొస పొడుగ్గ వేలాడదీస్తరు, పిల్ల పొయ్యిల పడబోతే దేవుడు పట్టి గుంజుతడని. మీరు మాత్రం అది కత్తిరించండి; పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతది. ఇంకోటి, వెనక తెరుచుకునే జుబ్బా అయితే పువ్వు సరిగ్గ చీలిక మీద పడి రెండు ముక్కలైతది. ముందుకు కట్లు ఉండే జుబ్బానే కత్తిరించండి.